మావయ్య పీఎస్‌పీ, మూడు కంప్యూటర్లు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. శ్రీకాకుళంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా మావయ్య ఓడల్లో పనిచేసేవాడు. 2008లో సింగపూర్‌లో కొన్న సోనీ పీఎస్‌పీ (చేతిలో పట్టుకుని ఆడుకునే ఆటల మిషను) ఇప్పుడు నా దగ్గరుంది. మావయ్య పోయి రెండేళ్లయింది. ఆయన ఆడి సేవ్ చేసుకున్న ఆటలు అందులో అలాగే ఉన్నాయి. వేరే పెన్‌డ్రైవ్ కొనకుండా దీన్నే పెన్‌డ్రైవ్‌లా వాడుతున్నాను. ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్‌తో ఏ గొడవా లేదు. మా అప్ప హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు తన మ్యాక్‌లోంచి పాటలు వేస్తే ఒక్కో పాటా రెండుసార్లు కనిపిస్తోంది, రెండోది పాడదు. పాటలు తీసేసినా పీఎస్‌పీ మెమరీ కార్డులో జాగా పెరగలేదు. కాలేజీ ల్యాబులో ఉబుంటు. అక్కడ మొదటి రోజు అసలు కనిపించనే లేదు. మర్నాడు స్నేహితురాలి వైరు పెడితే కనిపించింది గానీ, కాపీ చేసుకున్న రికార్డు ఫైలు ఇంటికొచ్చి తెరిస్తే సున్నా కేబీ. ఇలా మూడు చోట్లా పెట్టి తీస్తుంటే మావయ్య ఆటలు పోతాయా?
– ఒక విద్యార్థిని, ఆమదాలవలస

జవాబు: అమ్మా, నీ ఉత్తరంలో చివరి మాటకే ముందు జవాబు చెబుతాను. పోవచ్చు. అందుకని ఈ పత్రిక పక్కన పెట్టి, ఇప్పుడే లేచి ఒక పని చెయ్యి. పీఎస్‌పీని ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్‌కి కలుపు. కార్డు తెరిస్తే పీఎస్‌పీ అనే పేరుతోనే ఒక ఫోల్డరు ఉంటుంది. దాని లోపల సేవ్‌డేటా అని ఇంకోటి. మావయ్య ఆటలన్నీ అందులో ఉంటాయి, ఆటకొక ఫోల్డరు చొప్పున. వాటి పేర్లు ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిసి అర్థంకాకుండా ఉంటాయి. ఆ పేర్లు మార్చకు, లోపలి ఫైళ్లు విడదియ్యకు. మొత్తం పీఎస్‌పీ ఫోల్డరునే ఎత్తి ల్యాప్‌టాప్‌లో పెట్టు. ఇంకో ప్రతి మీ అప్ప మ్యాక్‌లో పెట్టించు. ఎప్పుడైనా కార్డు పాడైతే ఆ ఫోల్డర్లని మళ్లీ అదే చోట పెడితే చాలు. ఇది చేశాక మిగతాది చదువుకో.

ఇంత తొందర ఎందుకు పెడుతున్నానో చెప్పాలి. విజయనగరంలో గంట స్తంభం దగ్గర సందులో నా కొట్టు. పదేళ్ల కిందట వేసవిలో గజపతినగరం నుంచి ఒక కుర్రాడు ఇలాంటిదే తెచ్చాడు. ఫుట్‌బాల్ ఆటలో నాలుగేళ్లుగా ఒకే జట్టుని నడుపుకుంటూ వస్తున్నాడు. కార్డు నిండిపోయిందంటే, ఉన్నదంతా నా సిస్టమ్‌లోకి తీసి, కార్డు శుభ్రం చేసి తిరిగి పెడదామనుకున్నాను. అయితే కాపీ తియ్యకుండా కట్ చేసి పేస్ట్ కొట్టాను. తిరిగి కార్డుకి ఎక్కిస్తుండగా కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ముసలిది, నిలబడలేదు. కరెంటు వచ్చాక చూస్తే పీఎస్‌పీ ఆ ఆటని పాడైన డేటా అంటోంది. విండోస్‌లో డిస్క్ చెక్ చేయిస్తే ఫైల్0000, ఫైల్0001 అని పేర్లు పోయిన తుంపులు దొరికాయి. అవి ఏ ఆటవో, ఏది ముందో ఏది వెనకో తెలీదు. ఆ కుర్రాడు కోప్పడలేదు. ‘ఏటైంది మాస్టారూ, రాదా ఇంక?’ అని ఒకే ఒక్క మాట అడిగాడు. అప్పట్నుంచి ఎవరి కార్డయినా సరే, ముందు కాపీ తీసి, ఆ కాపీ తెరుచుకుంటోందని చూసుకున్నాకే దాని మీద చెయ్యి వేస్తున్నాను.

ఇక అసలు సంగతి. పీఎస్‌పీ ఏ కంప్యూటర్‌కి పెట్టినా కార్డులా తెరుచుకోవడం సోనీ వాళ్లు ఒక్కో కంప్యూటర్‌కి విడిగా ఏర్పాటు చేసింది కాదు. యూఎస్‌బీలో మాస్ స్టోరేజ్ అని ఒక ఉమ్మడి పద్ధతి ఉంది. పెన్‌డ్రైవూ, కార్డ్ రీడరూ, బయటి హార్డ్‌డిస్కూ అన్నీ ఆ పద్ధతిలోనే మాట్లాడతాయి. 2004 డిసెంబరు 12న జపాన్‌లో పీఎస్‌పీ అమ్మకానికి వచ్చేనాటికే విండోస్, మ్యాక్, లినక్స్ (మీ ల్యాబులో ఉబుంటు దాని రకమే) మూడూ ఆ పద్ధతి నేర్చుకుని ఉన్నాయి. అందుకే డ్రైవరు, అంటే పరికరాన్ని కంప్యూటర్‌కి పరిచయం చేసే ప్రోగ్రామ్, వెయ్యాల్సిన పని లేదు. ఎవరైనా పీఎస్‌పీ డ్రైవర్ అని సీడీయో ఫైలో అంటగడితే తీసుకోకు.

కార్డు లోపల ఫైళ్లని పెట్టే పద్ధతి పేరు ఫ్యాట్. పెద్ద కార్డుల్లో ఫ్యాట్32. దీన్ని మీ ఊరి అడంగల్‌లా ఊహించుకో. ఏ సర్వే నంబరు ఎవరిది, ఎంత విస్తీర్ణం, పక్కది ఎవరిది అని అడంగల్‌లో ఉన్నట్టే, ఏ గడి ఏ ఫైలుది, దాని తరవాతి ముక్క ఏ గడిలో ఉంది అని ఫ్యాట్‌లో రాసి ఉంటుంది. పొలం పొలంలోనే ఉన్నా పుస్తకంలో రాత చెడితే ఎవరిదో తేలదు. ఆ కుర్రాడి ఆటకి జరిగింది అదే. ముక్కలన్నీ కార్డులోనే ఉన్నాయి, పుస్తకం చెడింది.

ఒకే పుస్తకంలో ఇద్దరు కరణాలు ఒకేసారి రాస్తే ఏమవుతుందో తెలుసు కదా. అందుకే యూఎస్‌బీలో ఉన్నంతసేపూ పీఎస్‌పీ నీకు ఆట ఆడనివ్వదు, పాట పాడనివ్వదు. పుస్తకం కంప్యూటర్ చేతికి ఇచ్చేసి తను పక్కకి తప్పుకుంటుంది. నువ్వు సెట్టింగ్స్‌లోకి వెళ్లి యూఎస్‌బీ కనెక్షన్ నొక్కడమంటే ఆ పుస్తకం అప్పగించడమే. అది నొక్కకుండా వైరు పెడితే కంప్యూటర్‌లో కనిపించకపోవచ్చు. మన ఫోన్లు ఈ పద్ధతి వదిలేయడానికి కారణం కూడా ఇదే. ఫోను తన నిల్వని కంప్యూటర్‌కి అప్పగించి ఊరుకోలేదు, ఆ నిల్వ మీదే అది నడవాలి. అందుకని ఆండ్రాయిడ్ వాళ్లు ఎంటీపీ అనే వేరే దారి పట్టారు. అందులో పుస్తకం ఫోను దగ్గరే ఉంటుంది, కంప్యూటర్ ఫైలు కావాలని అడుగుతుంది, ఫోను ఇస్తుంది. ఎంటీపీ మ్యాక్‌లో తనంతట తాను తెరుచుకోదు. ఫైళ్లు మోసుకెళ్లే పనికి మీ మావయ్య పాత పీఎస్‌పీ మూడు కంప్యూటర్లలోనూ తనంతట తాను తెరుచుకుంటోందంటే, ఆ ఒక్క విషయంలో అది మనందరి ఫోన్లకన్నా మేలు. నాకు అది చూస్తే ఇప్పటికీ సంతోషం.

ల్యాబులో మొదటి రోజు కనిపించకపోవడానికి కారణం నీ ఉత్తరంలోనే ఉంది. వైరు మార్చగానే కనిపించింది. యూఎస్‌బీ వైరులో నాలుగు తీగలుంటాయి. ఎరుపూ నలుపూ కరెంటుకి, తెలుపూ ఆకుపచ్చా సమాచారానికి. కొన్ని చవక చార్జింగ్ వైర్లలో తెలుపూ ఆకుపచ్చా వెయ్యరు. దానితో చార్జింగ్ ఎక్కుతుంది, లైటు వెలుగుతుంది, కంప్యూటర్‌కి మాత్రం ఏమీ తెలియదు. పైగా పీఎస్‌పీకి కావలసింది మినీ యూఎస్‌బీ, ఫోన్ల మైక్రో కాదు. పాత డిజిటల్ కెమెరాలకీ, పాత బయటి హార్డ్‌డిస్కులకీ వచ్చేది అదే. ఇంట్లో పాత కెమెరా పెట్టె ఉంటే అందులో వెతుకు, లేదా ఏ రిపేరు కొట్లో అడిగినా దొరుకుతుంది. కొనేముందు కొట్లోనే కంప్యూటర్‌కి పెట్టి చూపించమను. ల్యాబు సిస్టమ్‌కి ముందువైపు పోర్టు వదిలేసి వెనకవైపు దానికి పెట్టు. ముందు పోర్టులు చాలాచోట్ల లోపల వదులుగా ఉంటాయి.

సున్నా కేబీ ఫైలు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, అన్నిటికన్నా ప్రమాదం దీనితోనే. లినక్స్‌లో నువ్వు ఫైలు పేస్ట్ చేస్తే అది ముందు కంప్యూటర్ మెమరీలోకి వెళ్తుంది. తెర మీద కాపీ అయిపోయినట్టు చూపిస్తుంది. కార్డు మీదికి రాయడం మాత్రం వెనకాల ఇంకా జరుగుతూనే ఉంటుంది. కరణం చిత్తు కాగితం మీద రాసుకుని, తీరిగ్గా అడంగల్‌లోకి ఎక్కిస్తున్నాడన్నమాట. నువ్వు బహుశా బెల్లు కొట్టారని వైరు లాగేసి ఉంటావు. పుస్తకంలో ఫైలు పేరు ఎక్కింది, లోపలి సరుకు ఎక్కలేదు. అదే సున్నా కేబీ. ఈసారి ఫైల్స్ కిటికీలో ఎడమ పక్కన కార్డు పేరు పక్కనుండే ఎజెక్ట్ గుర్తు నొక్కు. అది కొన్ని సెకన్లు ఆగి, ఇక తియ్యొచ్చు అని చెప్పేదాకా ఆగు. ఆ ఆగడమే చిత్తు కాగితం పుస్తకంలోకి ఎక్కే సమయం. టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) అలవాటుంటే సింక్ (sync) అని కొట్టు. మళ్లీ కొత్త ఆదేశం టైపు చేసే గీత కనిపించిందంటే రాత పూర్తయిందని అర్థం.

కంప్యూటర్ వదిలేసింది అన్నాక కూడా పీఎస్‌పీ వైపు చూడు. మెమరీ స్టిక్ (పీఎస్‌పీ కార్డుకి సోనీ పెట్టిన పేరు) లైటు నారింజ రంగులో మిణుకుతున్నంతసేపూ చెయ్యి పెట్టకు. అది ఆరాక, పీఎస్‌పీలో వెనక్కి వెళ్లే బటన్ నొక్కి యూఎస్‌బీలోంచి బయటికి వచ్చి, ఆ తరవాత వైరు. ముందు కంప్యూటరు, తరవాత పీఎస్‌పీ, చివర వైరు. విండోస్ ఇలాంటి కార్డుల మీదికి మామూలుగా వెంటవెంటనే రాసేస్తుంది కాబట్టి ఇంట్లో నీకు ఇన్నాళ్లూ ఇబ్బంది రాలేదు. ఆ అలవాటుతో ల్యాబులోనూ లాగేసి ఉంటావు. ఇంట్లో కూడా ఇదే వరస పెట్టుకో. అలవాటు ఒకటే అయితే చెయ్యి తప్పు చెయ్యదు.

మ్యాక్‌లో రెండేసి పాటలు కనిపించడం వైరస్ కాదు, భయపడకు. మ్యాక్ ప్రతి ఫైలుకీ కొన్ని అదనపు వివరాలు రాసుకుంటుంది. ఫ్యాట్ పుస్తకంలో ఆ వివరాలకి గడి లేదు. అందుకని చుక్కా, కింద గీతా పేరు ముందు తగిలించి, పక్కనే చిన్న ఫైలు ఒకటి పెడుతుంది. మ్యాక్‌లో అది కంటికి కనిపించదు. పీఎస్‌పీకి ఆ గొడవ తెలీదు కాబట్టి అదీ ఒక పాటే అనుకుని వరసలో చూపిస్తుంది. తీసే దారి రెండు రకాలు. మ్యాక్ టెర్మినల్‌లో డాట్ అండర్‌స్కోర్ క్లీన్ (dot_clean) అనే ఆదేశం ఉంది. దాని పక్కన ఖాళీ ఇచ్చి మైనస్ ఎం (-m) తగిలించి, మళ్లీ ఖాళీ ఇచ్చి, కార్డు గుర్తుని ఆ కిటికీలోకి లాగి వదిలి ఎంటర్ కొడితే అన్నీ ఊడ్చేస్తుంది. అది వద్దనుకుంటే ఇంటికొచ్చి విండోస్‌లో దాచిన ఫైళ్లు చూపించమని చెప్పి, చుక్క గీతతో మొదలయ్యేవి చేత్తో తీసెయ్యి. తీసేటప్పుడు సేవ్‌డేటా జోలికి వెళ్లకు.

జాగా పెరగకపోవడానికి కారణం చెత్తబుట్ట. విండోస్‌లో పెన్‌డ్రైవ్ మీది ఫైలు తీసేస్తే నేరుగా పోతుంది. మ్యాక్ అలా కాదు. తీసేసిన పాటల్ని కార్డు మీదే ట్రాషెస్ అనే కనపడని ఫోల్డర్లో దాస్తుంది. పీఎస్‌పీ పెట్టి ఉండగానే ట్రాష్ ఖాళీ చేస్తే ఆ జాగా తిరిగొస్తుంది. అయితే మ్యాక్‌లో మీ అప్ప పారేసిన ఫైళ్లు కూడా దానితోపాటే పోతాయి, కాబట్టి ఆమెని అడిగి చెయ్యి. ఉబుంటు కూడా ట్రాష్ అనే దాచిన ఫోల్డరే పెడుతుంది, పేరు చివర ఒక అంకె ఉంటుంది. కంట్రోల్ హెచ్ నొక్కితే కనిపిస్తుంది. అక్కడ షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొడితే చెత్తబుట్టకి వెళ్లకుండా నేరుగా పోతుంది, మ్యాక్‌లో ఆప్షన్, కమాండ్, డిలీట్ మూడూ కలిపి.

నెట్ సెంటర్ల సంగతి నువ్వు అడగలేదు గానీ, పెన్‌డ్రైవ్‌లా వాడుతున్నావు కాబట్టి చెబుతున్నాను. ప్రింటు తీయించుకోవడానికి దీన్ని పట్టుకెళ్లకు. అక్కడి సిస్టమ్‌లలో ఫోల్డర్లని దాచేసి వాటి స్థానంలో షార్ట్‌కట్‌లు పెట్టే వైరస్‌లు ఇప్పటికీ ఉంటాయి. అది పీఎస్‌పీని ఏమీ చెయ్యదు గానీ, సేవ్‌డేటా కనపడక నువ్వు కంగారుపడి ఫార్మాట్ కొట్టేస్తావేమోనని నా భయం. ప్రింటు కావలసిన ఫైలు మెయిల్లో పంపుకో, లేదా దానికో చిన్న పెన్‌డ్రైవ్ విడిగా ఉంచుకో.

ఇంకొక్కటి. 2008 నాటి బ్యాటరీ అయితే దాని మూత తీసి చూడు. పొట్ట ఉబ్బినట్టుంటే వెంటనే తీసెయ్యి, గుచ్చకు, నొక్కకు. పీఎస్‌పీ బ్యాటరీ లేకుండా తన అడాప్టర్ మీద కూడా నడుస్తుంది, యూఎస్‌బీ కూడా పనిచేస్తుంది. ఆ సమయంలో కరెంటు పోతే మాత్రం పీఎస్‌పీ ఆగిపోతుంది, కాబట్టి బ్యాటరీ లేనప్పుడు కార్డు మీదికి ఏమీ ఎక్కించకు. కార్డు నుంచి తీసుకోవడం మాత్రమే చెయ్యి.

ప్రశ్న: పీఎస్‌పీకి మైక్రోఎస్‌డీ అడాప్టర్ కొని 64 జీబీ కార్డు పెట్టాను. పీఎస్‌పీ చదవడం లేదు. విండోస్‌లో ఫార్మాట్ చేద్దామంటే ఫ్యాట్32 అనే మాటే కనిపించడం లేదు.
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: 32 జీబీ దాటిన కార్డులు కంపెనీ నుంచే ఎక్స్‌ఫ్యాట్ అనే కొత్త పద్ధతిలో వస్తాయి. అది పీఎస్‌పీకి తెలియదు. మన ఇళ్లల్లో ఉండే విండోస్ ఫార్మాట్ కిటికీ 32 జీబీ దాటితే ఫ్యాట్32 ఇవ్వదు. దానితో కుస్తీ పట్టకండి. పీఎస్‌పీలో సిస్టమ్ సెట్టింగ్స్‌లోనే మెమరీ స్టిక్ ఫార్మాట్ ఉంది, అదే చెయ్యనివ్వండి. మ్యాక్‌లో చేసి తీరాలంటే ఎంఎస్ డాస్ ఫ్యాట్, స్కీమ్ దగ్గర మాస్టర్ బూట్ రికార్డ్ అని రెండూ ఎంచుకోవాలి. అయితే ఒక్క ఫైలు 4 జీబీ దాటితే ఫ్యాట్32 మీదికి ఎక్కదు. సినిమా కాపీ సగంలో ఆగిపోతే కార్డుని అనుమానించకండి, ముందు ఫైలు సైజు చూసుకోండి.

కార్డు నిజంగా 64 జీబీయేనా అన్నది ముందు తేల్చుకోండి. పైన 64 అని ముద్రించి లోపల 8 పెట్టిన కార్డులు నా కొట్టుకి చాలా వస్తుంటాయి. నిండేదాకా బాగానే ఉంటాయి, నిండాక పాత ఫైళ్ల మీద కొత్తవి రాసేస్తాయి. లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఎఫ్3 అనే ఉచిత సాధనం, విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ ఉన్నాయి. కార్డంతా నింపి, తిరిగి చదివి, తేడా ఉంటే చెబుతాయి. కొన్నేళ్ల సేవ్‌లు అందులో పెట్టబోతున్నారు, కాబట్టి ఒక రాత్రి ఆ పరీక్షకి వదిలెయ్యండి. రెండు మైక్రోఎస్‌డీలు పట్టే అడాప్టర్ అయితే ఒకటి పోయినా రెండింటిలోదీ పోతుంది. ఒక్కటి పట్టేదే తీసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి పాత ఆటలు ఆడుకునే చిన్న చైనా మిషను కొన్నాం. దాని కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెడితే, వాడే ముందు ఫార్మాట్ చెయ్యాలి అని అడుగుతోంది. చెయ్యమంటారా?
– ఒక గృహిణి, బొబ్బిలి

జవాబు: వద్దమ్మా. క్యాన్సిల్ నొక్కండి. ఆ మిషన్లలో చాలావాటిలో లోపల నడిచేది లినక్స్. కార్డుని రెండు మూడు భాగాలుగా కోసి ఉంచుతారు. ఒక భాగం ఫ్యాట్‌లో ఉంటుంది, విండోస్ చదువుతుంది. మిషను నడిచే భాగం ఎక్స్‌ట్4 లాంటి లినక్స్ పద్ధతిలో ఉంటుంది, అది విండోస్‌కి తెలియదు. తెలియని దాన్ని అది ఖాళీ అనుకుంటుంది, ఫార్మాట్ చెయ్యనా అంటుంది. సరే అన్నారంటే మిషను మళ్లీ లేవదు. మామూలుగా తెరుచుకున్న భాగంలోనే ఆటలూ సేవ్‌లూ ఉంటాయి, అది కాపీ చేసి పెట్టుకోండి. ఇంకో మాట, దానితో వచ్చిన కార్డు తరచూ నాసిరకంది ఉంటుంది. అది బాగున్నప్పుడే పేరున్న కొత్త కార్డు కొని, తెలిసినవాళ్ల చేత మొత్తం కార్డుని యథాతథంగా దాని మీదికి దింపించండి. ఫైళ్లు కాపీ చేస్తే సరిపోదు, కార్డు కార్డంతా దింపాలి.

ప్రశ్న: నింటెండో స్విచ్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపితే పెన్‌డ్రైవ్‌లా రావడం లేదు. పోర్టు పోయిందా?
– ఒక పాఠకుడు, విజయనగరం కంటోన్మెంట్

జవాబు: పోర్టు పోలేదు. స్విచ్ తన నిల్వని పీఎస్‌పీలా అప్పగించదు. 2020లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి ఫొటోలూ వీడియోలూ మాత్రం వైరు మీద ఇస్తోంది. సిస్టమ్ సెట్టింగ్స్, డేటా మేనేజ్‌మెంట్, స్క్రీన్‌షాట్‌లు వీడియోల దగ్గర, యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కి కాపీ అన్నది నొక్కాకే వైరు పెట్టండి. అది ఎంటీపీ దారిలో వస్తుంది, విండోస్‌లో నేరుగా తెరుచుకుంటుంది. మ్యాక్ అయితే ఎంటీపీ చదివే ప్రోగ్రామ్ ఒకటి వేసుకోవాలి. ఆటల సేవ్‌లు మాత్రం ఈ దారిలో రావు.